ఒక్క వేటు కట్టుబాటు

ఇంత కరువు సీమలో మా కొండ మీది అడవి ఎలా నిలిచిందని అడిగిన వాళ్లందరికీ నేను చాలా ఏళ్లు ఒకే జవాబు చెప్పాను. మా పూర్వీకులు చెట్టును బిడ్డలా చూసుకున్నారు, అందుకే నిలిచింది అని. ఆ మాట చెప్పేటప్పుడు వెన్ను నిటారుగా పెట్టి, గొంతు కాస్త తగ్గించి చెప్పేవాణ్ణి. అసలు కారణం నాకు తెలిసింది పందొమ్మిది వందల అరవైల్లో, ఒక కరువు ఏడాది, ఊరంతా చూస్తుండగా. ఇప్పుడు దాచి లాభం లేదు. చూసినవాళ్లలో కొందరు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల జ్ఞాపకశక్తి కూడా బాగానే ఉంది.

మాది గుమ్మఘట్టకు పోయే బండిబాటలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు ఏడు ఊళ్లకు కావలి కాసిన వంశం మాది. నేను పుట్టేనాటికి అందులో మిగిలింది సగం కూలిన ఇల్లు, తలుపులు లేని సింహద్వారం, ఎవరూ అడగకపోయినా మేం చదివి వినిపించే వంశావళి. ద్వారానికి తలుపులు పోయినా ఇనప గడియ మాత్రం గోడకు అలాగే ఉండేది. అమ్మ ప్రతి సాయంకాలం దానికి నూనె రాయించేది.

ఊరి వెనక కొండ. దాని నిండా ఏపి చెట్లు. ఏపి ఆకు ఎద్దు గిట్ట అచ్చులాగా రెండు రెక్కలుగా ఉంటుంది. బెరడు నుంచి నార తీసి మోకులు పేనుకుంటారు. కొయ్య మాత్రం రాయే. మేకు దిగదు, దిగితే రాదు. వానలు తప్పిన ఏట నేల మీద గడ్డి పరక లేకపోయినా ఏపి ఆకు చెట్టున పచ్చగానే ఉంటుంది. ఆ ఆకే మా ఊరి పశువులకు ప్రాణం.

అందుకని కొండను ఏడు పాళ్లుగా పంచి పెట్టారు. ఏడాదికి ఒక్క పాలులోనే కొమ్మలు కొట్టాలి. మిగిలిన ఆరింటిలో గొడ్డలి ఎత్తకూడదు, ఎండుపుల్లలు ఏరుకోవచ్చు అంతే. కొట్టే చోట కూడా మేక మూతికి అందనంత ఎత్తులో కొట్టాలి, చెట్టు తలలో కొంత భాగం వదిలిపెట్టాలి. మళ్లీ ఆ పాలు వంతు వచ్చేసరికి కొత్త కొమ్మలు మణికట్టు లావు అయ్యేవి. ఈ ఏర్పాటంతా మేమే చేశామని మా వంశావళిలో ఉంది. పెన్న నీళ్లు ఎటు పారాలో కూడా మేమే చెప్పినట్టు అందులో ఉంది కాబట్టి ఈ విషయంలో నేను పట్టుబట్టను.

మాతో నిజంగా ముడిపడిన కట్టుబాటు ఒకటే. ఉగాది వెళ్లిన వారంలో, ఆ ఏటి పాలులో మొదటి కొమ్మను మా ఇంటి పెద్ద కొట్టాలి. అది ఒక్క వేటుకు తెగాలి. తెగితే ఊరంతా గొడ్డళ్లు తీసుకుని కొండ ఎక్కవచ్చు. తెగకపోతే ఆ ఏడాదికి కొండ మూత పడినట్టే. ఎవరూ పచ్చికొమ్మ ముట్టరాదు.

యాభైల్లో నేను పిల్లవాడిగా ఉన్నప్పుడు నాయన కొట్టడం నాలుగైదుసార్లు చూశాను. ఆయన గొడ్డలి ఎత్తేవాడు, దించేవాడు. కొమ్మ సగం చీలి వేలాడేది. ఆయన ఉత్తరీయంతో ముఖం తుడుచుకుని, చెట్టు మీద చెయ్యి పెట్టి కాసేపు కళ్లు మూసుకుని, "చెట్టు వద్దంటాంది" అని చెప్పి కిందికి దిగి వచ్చేవాడు. ఊరివాళ్లు మారు మాట్లాడేవారు కాదు. మా నాయనకు చెట్ల భాష తెలుసని నేను బడిలో అందరికీ చెప్పాను. నమ్మని వాణ్ణి ఒకణ్ణి పలకతో కొట్టాను కూడా.

నాయన పోయిన ఏడాదే వానలు వరసగా రెండోసారి తప్పాయి. అనంతపురంలో పి.యు.సి. రెండుసార్లు తప్పి నేనూ ఇంటికి చేరాను. బావుల్లో అడుగు రాళ్లు కనిపించాయి. వేరుశెనగ కట్టె చివరి పుల్ల దాకా పశువులు తినేశాయి. పడుకున్న గొడ్లు లేవలేకపోతే, పొద్దున్నే నలుగురు కలిసి పొట్ట కింద కట్టెలు పెట్టి లేపి నిలబెట్టేవారు. ఆ ఏడాది కొండ మూత పడితే ఊళ్లో పశువు మిగలదని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. వేటు వెయ్యాల్సింది నేను. అప్పటిదాకా నేను కోసిన గట్టి వస్తువు పుచ్చకాయ.

ఉగాదికి నెల ముందు, బండిచక్రాలు చేసే సాయిబు తాత మా ఇంటికి వచ్చాడు. ఊళ్లో కొయ్య గురించి ఆయన మాటే చివరి మాట. గడ్డం తెల్లగా, భుజాలు ఏపి మొద్దుల్లా ఉండేవి. మా సింహద్వారంలో నిలబడి, "దొరా, ఒకసారి గొడ్డలి పట్టుకో, సూస్తా" అన్నాడు.

పట్టుకున్నాను.

"ఏమప్పా, పెండ్లిలో తాంబూలం అందుకున్నట్ల పట్టుకున్నావే!"

"మా ఇంట్లో ఇట్లే పట్టుకుంటారు," అన్నాను.

"అది తెలుస్తానే ఉండాది," అన్నాడు. "రేపట్నుంచి నా కొట్టానికి రా."

మొదటి రోజు నా వేటు మొద్దు పక్కన నేలకు తగిలింది. రెండో రోజు మొద్దుకే తగిలింది గానీ, గొడ్డలి ఎగిరి వెనక్కి వచ్చి నా పళ్లు టకటకలాడాయి. మూడో రోజు తాత మేకను కట్టేసిన తాడుకు తగిలింది. తాడు ఒక్క వేటుకు తెగింది. "చూశావా!" అన్నాను. ఆయన చూడలేదు. మేకను పట్టుకోవడానికి పోయినవాడు సాయంకాలానికి వచ్చాడు.

అయినా ఓపికగా చెప్పాడు. "ఒక్క వేటంటే ఊరికే పెట్టినారనుకోవద్దు. కొమ్మ చీలిందనుకో, బెరడు కిందికంటా లేసొస్తాది. ఆ గాయంలో నీళ్లు నిలుస్తాయి, పురుగు పడతాది, చెట్టు లోపల్నుంచి పోతాది. ఏటవాలుగా తెగిందనుకో, నీళ్లు జారిపోతాయి, పక్కనే చిగురేస్తాది. చేత గానోడు కొండలో కొట్టగూడదనే ఈ కట్టుబాటు."

"అంటే మా వంశాన్ని నమ్మి పెట్టారన్నమాట," అన్నాను.

తాత నన్ను ఎగాదిగా చూశాడు. గడ్డం నిమురుకున్నాడు.

తరవాత మా పట్టపు గొడ్డలిని చూపించమన్నాడు. దాని పిడికి మూడు వెండి కట్లు. పట్టుగుడ్డలో చుట్టి వంటింట్లో పొయ్యి పైన వేలాడదీసేవాళ్లం, పురుగు పట్టకుండా. దసరాకు దించి, వెండిని చింతపండుతో తోమి, పసుపు కుంకుమ పెట్టి, మళ్లీ పైకి కట్టేవాళ్లం. తాత దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల టకటకమంది.

"ఇది గొడ్డలా, గజ్జెనా?" అన్నాడు. "పొగకు పిడి కొయ్య ఎండి సన్నబడిండాది. వేసే ముందురోజు పొద్దుననుంచి నీళ్లలో నానేయండి. ఉబ్బి బిగుస్తాది."

అమ్మ తలుపు చాటు నుంచి అంది: "పూజలో పెట్టే గొడ్డలిని గొడ్లు తాగే తొట్టిలో ముంచుతారా?"

"తొట్టిలో గొడ్లు యాడ తాగుతాండాయి తల్లీ? మీకు గొడ్లే లేవు గదా."

అమ్మకు ఆ మాట నచ్చలేదు. గొడ్డలి తిరిగి పొయ్యి పైకి పోయింది. పోనీ నా గొడ్డలి తీసుకో అన్నాడు తాత. ఒకరి దగ్గర అడిగి తెచ్చుకున్న ఎరువు గొడ్డలితో మా వంశంలో ఎవరూ కొట్టలేదని చెప్పాను.

"నీ గొడ్డలితో గూడా ఎవురూ కొట్టలేదులే," అని గొణుక్కుంటూ వెళ్లాడు. ముసలితనపు మాట అనుకున్నాను.

ఆ రోజు వచ్చింది. నాయన నల్ల కోటు వేసుకుని, పన్నెండు మూరల తలపాగా చుట్టుకుని, ఎండలో కొండకు బయలుదేరాను. అమ్మ తెర కట్టిన బండిలో వచ్చింది. లాగడానికి ఊళ్లో ఏ ఎద్దుకూ శక్తి లేక ఇద్దరు మనుషులు కాడి పట్టారు. అమ్మకు అది తనకు తగిన మర్యాదగానే తోచింది.

ఆ ఏటి పాలు అదృష్టవశాత్తూ కొండ కిందనే ఉంది. ఊరంతా అక్కడే ఉంది. పని మొదలైతే తినడానికి సంగటి ముద్దలు, తాగడానికి పలచటి అంబలి కడవ తెచ్చుకున్నారు. చెట్టుకు పసుపు పూశారు. తప్పెట వాయించేవాడు కళ్లు మూసుకుని అందుకున్నాడు. అతనికి కళ్లు తెరిస్తే దరువు తప్పుతుందట.

నేను కాళ్లు ఎడంగా పెట్టాను. తాత చెప్పినట్టు ఊపిరి బిగబట్టాను. గొడ్డలిని తల మీదుగా వెనక్కి తీసుకుపోయి, నా వంశంలోని బలమంతా చేతుల్లోకి తెచ్చుకుని దించాను.

చేతులు తేలిగ్గా దిగాయి. మరీ తేలిగ్గా దిగాయి. చూస్తే నా చేతిలో మూడు వెండి కట్ల పిడి ఒక్కటే ఉంది. వెనక ఎక్కడో ఫెడేల్మని శబ్దం వచ్చింది. పిడి ఊడిన గొడ్డలి ఇనుము జనం తలల మీదుగా ఎగిరి అంబలి కడవలో పడింది. కడవ రెండు చెక్కలైంది. అంబలి పోయి తప్పెటవాడి ఒంటి నిండా పడింది. అతను వేటు పడింది, ఎవరో సంతోషంతో చల్లారు అనుకుని దరువు ఇంకా పెంచాడు. ఎవరో పోయి అతని చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడారు.

"వేటు పడినట్లా, పడనట్లా?"

"చెట్టుకు తగల్లేదు గదప్పా!"

"కడవకు తగిలిండాది."

"ఒక్క వేటుకే తెగిండాది గూడా."

"అట్లయితే ఈ ఏడాది కడవలు కొట్టుకోండ్రి."

"యోవ్, ఎకసెక్కాలు మాని చెప్పండ్రప్పా. చెట్టు ముట్టని వేటు వేటెట్లయితాది? పడలేదు అంటే సరిపోతాది. దొరా, నువ్వే చెప్పు, పడలేదు అని. ఇంకో తూరి వేద్దువు."

అందరూ నా వైపు తిరిగారు. ఒక్క మాట అంటే చాలు. కానీ నా నోట్లో నాలుక కంటే ముందు వెన్నుపూస కదిలింది. నిటారుగా నిలబడి, "వేటు వేశాను. తప్పింది. వేసిన వేటును వెయ్యలేదని చెప్పినవాడు మా వంశంలో లేడు. కట్టుబాటు కట్టుబాటే. కొండ మూత," అన్నాను.

"అంతే!" అంది బండి తెర వెనక నుంచి అమ్మ. "మాట మార్చే ఇల్లు కాదు మాది."

అప్పుడు సాయిబు తాత ముందుకు వచ్చాడు. కోపంగా లేడు. చెక్కిళ్ల నిండా నవ్వు ఆపుకుంటున్నాడు.

"చానా సంతోషం దొరా. నిజం చెప్పే ఇల్లయితే నేను గూడా ఒక నిజం చెప్తా. మీ నాయన వేసినన్ని తూర్లలో కొమ్మ తెగింది రెండే రెండు తూర్లు. ఆ రెండు కొమ్మలూ ముందే గాలికి ఇరిగి ఏలాడతాండినాయి. మీ తాతకు చూపు ఆనేది కాదు. ఒక తూరి చెట్టనుకోని మా నాయన నిలబడిండే తావుకు వేసినాడు. మా నాయన పక్కకు దూకినాడు కాబట్టి నేను పుట్టినా. ఆయన నాయన కత అయితే ఇంకా..."

"చాలు," అన్నాను.

"ఇంకొక్క మాట ఇను. సుట్టుపక్కల ఊళ్ల కొండలు సూడు, బోడిగుండ్లు. ఆడ ఒక్క వేటుకు తెగ్గొట్టే మొనగాళ్లు ఉండిరి. ఏటేటా కొట్టినారు, తిన్నారు, అయిపోయినాయి. మన కొండ చానా ఏండ్లు ఊరికే పడుకుంటా వొచ్చిండాది. అది మీ ఇంటోళ్ల చలవే. చేత గాని చలవ."

జనం నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి వాళ్లు పడుతున్న పాట్లు నవ్వు కంటే ఘోరంగా ఉన్నాయి.

తెర కొంచెం కదిలింది. అమ్మ గొంతు చిన్నగా వచ్చింది: "మరి చెట్టు వద్దంటాంది అనేవారు కదా ఆయన?"

"చెట్టు అట్లే అనిండాది తల్లీ," అన్నాడు తాత. "'వద్దు సామీ, నీతో కాదు' అనిండాది."

ఇక ఎవరూ ఆగలేదు. తప్పెటవాడు కూడా అంబలి తుడుచుకుంటూ నవ్వాడు. బండి తెర వెనక నుంచి కూడా ఒక శబ్దం వచ్చింది. అది దగ్గు అని అమ్మ తరవాత ఎప్పుడూ వాదించేది.

నాకు చెవులు కాలిపోయాయి. పలకతో కొట్టిన కుర్రాడు, ఇప్పుడు మీసాలు పెంచుకుని, ముందు వరసలోనే నిలబడి ఉన్నాడు. ఇంటికి వెళ్లిపోదామని వెనక్కి తిరిగాను. దారికి అడ్డంగా మేకల అవ్వ ఉంది. ఆమెకు పది పన్నెండు మేకలు, ఒక ఆవు. ఆమె ఒక్కతే నవ్వలేదు.

"యాడికి పోతాండావు?"

"ఇంటికి."

"నీ ఇల్లు పడిపోయి ముప్పై ఏండ్లయినా నువ్వు నిలబడుకోనే ఉండావు నాయనా. నా ఆవు పడిపోతే లేయలేకుండాది. దినామూ నలుగురు పట్టి లేపుతాండాం. ఈ పొద్దు ఆ నలుగురూ ఈడికి వొచ్చినారు, నువ్వు కొమ్మ కొడతావని. అది ఆడే పండుకోనుండాది." ఆమె నా కోటు గుండీ పట్టుకుంది. "కొండ మూతంటావా, సరే. రేపట్నుంచి పొద్దున్నే నువ్వు గూడా వొచ్చి లేపు. అది చచ్చేదంకా వొచ్చి లేపు. మీ వంశంలో మాట మార్చరు గదా, మాటియ్యి."

నేను ఆ మాట ఇవ్వలేకపోయాను. అంతకు ముందు వారమే ఆ ఆవును లేపేటప్పుడు నేను ఆ దారిన పోయాను. దాని మెడ కిందికి జారిపోతుంటే చూడలేక ముఖం తిప్పుకున్నాను. ఆ రోజు నేను అటు తిరగడం ఆమె చూసిందో లేదో తెలియదు.

"వేటు పడలేదు," అన్నాను.

"ఏమంటివి? ఇనపడలేదు."

"వేటు పడలేదు!" అని అరిచాను. నా జీవితంలో అంత గట్టిగా అన్న అబద్ధం లేదు. ఇప్పటికీ అది అబద్ధమో నిజమో తేల్చుకోలేదు.

తాత తన గొడ్డలి నా చేతికి ఇచ్చాడు. ఎరువు గొడ్డలి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను దాన్ని కూడా తాంబూలం అందుకున్నట్టే పట్టుకున్నాను. తాత నా వెనక వచ్చి నిలబడ్డాడు. నా చేతుల మీద తన చేతులు వేశాడు.

"తాతా, ఇది కట్టుబాటులో ఉందా?" అన్నాను.

"చెయ్యి మీ ఇంటిది గావల్ల అనిండారు. బలం ఎవురిదని ఎవురూ చెప్పలేదు."

తెర వెనక నుంచి అమ్మ అడిగింది: "చెయ్యి మావాడిదే కదా?"

"మీవాడిదే తల్లీ. నేను ఎనకనుంచి ఆశీర్వాదం చేస్తాండా."

ఆశీర్వాదం ఎంత బరువుగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నా రెండు చేతులూ, వాటి వెంట నేనూ గాలిలోకి లేచాం. కాళ్లు నేల విడిచాయని చూసినవాళ్లు చెప్పారు. గొడ్డలి దిగింది. ఏపి కొయ్య తెగినప్పుడు వచ్చే శబ్దం వేరు, రాయి మీద రాయి పడినట్టు ఉంటుంది. కొమ్మ ఏటవాలుగా, బెరడు ఇంత కూడా లేవకుండా తెగి, తిన్నగా నా తల మీద పడింది. తలపాగా లేకపోతే మా వంశావళి అక్కడే ముగిసేది.

తప్పెటవాడు ఈసారి కళ్లు తెరుచుకునే వాయించాడు. దరువు తప్పలేదు.

ఊరంతా గొడ్డళ్లు, కొడవళ్లు పట్టుకుని చెట్ల మీదికి పోయింది. నేను కోటు దులుపుకుని బండి వైపు నడవబోయాను. తాత భుజం పట్టి ఆపాడు. "మొదటి కొమ్మ, కొట్టినోడే మోయల్ల. ఊళ్లో ఎవురి గొడ్డు కష్టంలో ఉండాదో ఆ ఇంటికి."

"మా నాయన ఎప్పుడూ మోయలేదే?"

"మొయ్యడానికి కొమ్మ ఉండల్ల గదా!"

కొమ్మ తల మీద పెట్టుకుని బయలుదేరాను. అవ్వ వెనకే వచ్చింది. అవ్వ వెనక ఆమె మేకలు. పది అడుగులు పోయేసరికి మేకలు అవ్వను దాటి నా వెంట పడ్డాయి. ఒకటి వెనక కాళ్ల మీద లేచి నా భుజం మీద ముందు కాళ్లు పెట్టి మేసింది. ఇంకోటి అటు వైపు నుంచి. నేను అదిలిస్తే కొమ్మ ఊగుతుంది, ఊగితే ఇంకో రెండింటికి అందుతుంది. పరుగెత్తాను. కోటు వేసుకుని మా వంశంలో పరుగెత్తినవాడు నాకు తెలిసి లేడు. అవ్వ వెనక నుంచి కర్రతో మేకలను కొడుతూ, నన్ను తిడుతూ వచ్చింది. రెండు మూడు దెబ్బలు నాకు కూడా తగిలాయి.

ఆమె కొట్టం చేరేసరికి కొమ్మకు చివర్న రెండు పిడికిళ్ల ఆకు మిగిలింది. ఆవు ఒక పక్కకు వాలి పడుకుని ఉంది. కళ్ల చుట్టూ ఈగలు. నేను కొమ్మ దించబోతే ఒక రెమ్మ తలపాగాలో చిక్కుకుపోయి రాలేదు. ఏం చెయ్యాలో తెలియక, అలాగే మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి దాని ముందు పెట్టాను.

అది చాలాసేపు వాసన చూసింది. తరవాత నాలుక చాపింది. గరుకు నాలుక నా చెవికి తగిలింది. ఒక్కో ఆకూ తీసుకుని నములుతుంటే ఆ చప్పుడు నా తలలోనే వినిపించింది. కదిలితే మానేస్తుందేమోనని నేను కదల్లేదు. ఆకు అయిపోయింది. ఆవు ఆగలేదు, తలపాగా కొస నోట పట్టింది. ఒక చుట్టు ఊడింది, రెండో చుట్టు ఊడింది. నేను రెండు చేతులతో తలపాగా పట్టుకుని, "అవ్వా, లాగుతోంది!" అని అరిచాను.

"లాగనీప్పా," అంది అవ్వ, గుమ్మంలో కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "లాగే బలమన్నా వొచ్చిండాది."